ప్రొటీన్‌లో ఏది కదపకూడదు?

హెచ్‌ఐవీ సోకినవారిలో నూటికి ఒక్కరు కూడా ఉండరు గానీ, కొందరి ఒంట్లో ఆ వైరస్ ఏ మందూ లేకుండానే ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. మిగతా వాళ్లలో లేనిది వీళ్లలో ఏముందన్న ప్రశ్న వైద్యులను చాలాకాలం వేధించింది. సీడీ8 టీ కణాలు అనే రోగనిరోధక కణాలు హెచ్‌ఐవీ సోకిన అందరిలోనూ వైరస్ మీద దాడి చేస్తాయి. దాడికి గుర్తుగా అవి వైరస్ ప్రొటీన్‌లో ఓ చిన్న ముక్కను పట్టుకుంటాయి. వైరస్ ఆ ముక్కలో ఒకటో రెండో అమైనో ఆమ్లాలు మార్చుకుంటే చాలు, టీ కణం దాన్ని పోల్చుకోలేదు. చాలామందిలో జరిగేది ఇదే. ఆ కొద్దిమందిలో మాత్రం వైరస్‌కు ఈ ఎత్తు పారడం లేదు.

అమెరికాలోని రాగన్ ఇన్‌స్టిట్యూట్‌లో గౌరవ్ గైహా, ఎలిజబెత్ రాసిన్, బ్రూస్ వాకర్ తదితరులు 2019లో ‘సైన్స్’ పత్రికలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. వాళ్లు హెచ్‌ఐవీ ప్రొటీన్ల త్రిమితీయ నిర్మాణాలను తీసుకుని, ఒక్కో అమైనో ఆమ్లం చుట్టుపక్కల వాటితో ఎంత గట్టిగా, ఎన్ని విధాల ముడిపడి ఉందో లెక్కగట్టారు. ముడులు ఎక్కువగా ఉన్నచోట మార్పు చేసి చూస్తే వైరస్ వృద్ధి బాగా దెబ్బతింది. ముడులు తక్కువగా ఉన్నచోట మార్పులు అంత నష్టం చేయలేదు. మందుల్లేకుండా వైరస్‌ను అణచగలిగిన వాళ్ల టీ కణాలు సరిగ్గా ఆ ముడులు దట్టంగా ఉన్న ముక్కల మీదే గురిపెడుతున్నాయి. రక్షణనిస్తాయని పేరున్న హెచ్‌ఎల్‌ఏ జన్యు రకాలు లేనివాళ్లలో కూడా ఇదే తేడా కనబడింది. 2021లో ఇదే పద్ధతిని కరోనా వైరస్‌కూ వర్తింపజేసి, వేరియంట్లు మారినా మారని టీ కణ లక్ష్యాలను గుర్తించారు.

ఈ పని ఎందుకు ముఖ్యమంటే, ఏ అక్షరాలు మారడం లేదో జన్యుక్రమాలు పోల్చి చూసి ఇలాంటి లక్ష్యాలను నమ్మకంగా పట్టుకోవడం అంతకుముందు వీలు కాలేదు. నిర్మాణాన్నే ఒక వలగా చూస్తే పని జరిగింది. ప్రొటీన్ నిర్మాణాల నెట్‌వర్క్ విశ్లేషణ అనే రంగం పాతికేళ్లుగా ఏం సాధించింది, ఎక్కడ తడబడింది అని తూచి చూడటానికి ఈ ఉదాహరణ మంచి కొలబద్ద.

ఇరవై రకాల అమైనో ఆమ్లాలు పొడవాటి గొలుసుగా కలిసి, ఆ గొలుసు తనంతట తాను ముడుచుకుంటే ప్రొటీన్ అవుతుంది. దాని రూపాన్ని కళ్లారా చూడటం 1958లో మొదలైంది. తిమింగలం కండరంలోని మయోగ్లోబిన్‌కు జాన్ కెండ్రూ ఎక్స్‌రేలతో తొలి నమూనా కట్టాడు. హిమోగ్లోబిన్ మీద పనిచేసిన మాక్స్ పెరూట్జ్‌తో కలిసి 1962లో నోబెల్ అందుకున్నాడు. గొలుసు ఏ కోణాల్లో వంగగలదు, ఏ కోణాల్లో వంగలేదు అన్నది 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ఒక పటంగా గీశారు. కొత్తగా తేల్చిన ప్రతి ప్రొటీన్ నిర్మాణాన్నీ నేటికీ ఆ పటంతో సరిచూస్తారు. 1971లో ఏడు నిర్మాణాలతో తెరిచిన ప్రొటీన్ డేటా బ్యాంకులో 2023 నాటికి రెండు లక్షలకు పైగా చేరాయి.

నిర్మాణం తెలిసినంత మాత్రాన ఎవరి పాత్ర ఏమిటో తెలియదు. మయోగ్లోబిన్ లాంటి చిన్న ప్రొటీన్‌లోనే 153 అమైనో ఆమ్లాలున్నాయి. ప్రతి పరమాణువు ఎక్కడుందో పట్టికలో ఉంటుంది. కానీ వాటిలో దేన్ని మారిస్తే ప్రొటీన్ కూలుతుందో, దేన్ని మార్చినా ఫరవాలేదో ఆ పట్టిక చెప్పదు.

ఇక్కడే గ్రాఫ్ సిద్ధాంతం అక్కరకు వచ్చింది. కోనిగ్స్‌బర్గ్ ఊరి ఏడు వంతెనల చిక్కును విప్పుతూ 1736లో ఆయిలర్ వేసిన పునాది అది. వస్తువులను బిందువులుగా, వాటి మధ్య సంబంధాలను గీతలుగా మార్చి లెక్కవేయడం దాని పద్ధతి. ప్రొటీన్‌లో ఒక్కో అమైనో ఆమ్లం ఒక్కో బిందువు. రెండింటి మధ్య దూరం ఒక హద్దు లోపు ఉంటే గీత గీస్తారు. ఎక్కువగా వాడే హద్దు 7 ఆంగ్‌స్ట్రామ్‌లు. మిల్లీమీటరులో కోటో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. గొలుసులో ఎక్కడో పదో స్థానంలో ఉన్నదీ, ఎక్కడో తొంభయ్యో స్థానంలో ఉన్నదీ ముడతల వల్ల పక్కపక్కకు వస్తే వాటి మధ్య కూడా గీత పడుతుంది.

వల గీశాక ఎవరు ముఖ్యులో తేల్చడానికి మూడు కొలతలు ప్రధానం. రైలు మార్గాల పటం చూస్తే వీటి తేడా తెలుస్తుంది. విజయవాడకు నాలుగు వైపుల నుంచీ లైన్లు వస్తాయి. నేరుగా కలిసే లైన్ల సంఖ్య మొదటి కొలత. పటంలోని మిగతా స్టేషన్లన్నిటికీ సగటున ఎంత దగ్గర అన్నది రెండోది, సామీప్యం. మూడోది మధ్యవర్తిత్వం. కొవ్వూరుకు నేరుగా కలిసే లైన్లు రెండే. అయినా విజయవాడ నుంచి ప్రధాన మార్గంలో విశాఖ వైపు వెళ్లే రైళ్లు దాని మీదుగానే గోదావరి దాటాలి. కొవ్వూరుకు మొదటి కొలతలో మార్కులు తక్కువ, మూడో కొలతలో ఎక్కువ. ప్రొటీన్‌లోనూ అంతే. ఇరుగుపొరుగు తక్కువగా ఉన్న అమైనో ఆమ్లమే రెండు భాగాలను కలిపే ఏకైక దారి కావచ్చు.

ఈ రంగంలో తొలి అడుగులు వేసినవాళ్లలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సరస్వతీ విశ్వేశ్వర ముందువరుసలో ఉంటారు. రామచంద్రన్ స్థాపించిన మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్‌లోనే ఆమె పనిచేశారు. 1999లో ఎన్. కణ్ణన్‌తో కలిసి, ప్రొటీన్‌లో గట్టిగా కూడుకుని ఉన్న పక్క గొలుసుల (ఒక్కో అమైనో ఆమ్లం నుంచి పక్కకు పొడుచుకొచ్చే భాగాల) గుంపులను గ్రాఫ్ మాత్రికల ఐగెన్ విలువల ద్వారా పట్టే పద్ధతి చూపారు. ఆమె బృందం గీత గీయడంలోనే జాగ్రత్త తీసుకుంది. దూరం ఒక్కటే చూసి ఊరుకోలేదు. రెండు అమైనో ఆమ్లాల పక్క గొలుసుల్లో 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఎన్ని పరమాణువుల జతలున్నాయో లెక్కపెట్టి, వాటి పరిమాణానికి తగ్గట్టు సరిచేసి, బంధం బలాన్ని శాతంగా రాసింది.

దాంతో ఒక కొత్త ప్రయోగం వీలైంది. బలం హద్దును కొద్దికొద్దిగా పెంచుతూ పోతే బలహీనమైన గీతలు ఒక్కొక్కటీ రాలిపోతాయి. అప్పటిదాకా ప్రొటీన్ అంతటా పరుచుకున్న పెద్ద గుంపు ఒక చిన్న పరిధిలో ఒక్కసారిగా ముక్కలవుతుంది. పరిమాణంలో, ముడతల తీరులో ఒకదానికొకటి పోలిక లేని ప్రొటీన్లు కూడా దాదాపు ఒకే హద్దు దగ్గర విడిపోవడం కె.వి. బృంద, విశ్వేశ్వర 2005లో చూపిన ఫలితం. వేడి నీటి బుగ్గల్లాంటి చోట్ల బతికే సూక్ష్మజీవుల ప్రొటీన్లకు ఉన్న అదనపు స్థిరత్వంలో, ఎక్కువ గీతలు కలిసే కూడలి అమైనో ఆమ్లాలకు వాటా ఉందని కూడా అదే పని తేల్చింది. ఈ రంగంలో దూరాన్ని మాత్రమే నమ్ముకున్న చాలా పనులకంటే ఈ పని గట్టిగా నిలబడటానికి కారణం, అందులో గీతకు రసాయనికమైన అర్థం ఉండటమే.

ఐరోపాలో మరో దారి తెరుచుకుంది. 2001లో వెండ్రుస్కోలో, పాచీ, డాబ్సన్, కార్‌ప్లస్ 98 అమైనో ఆమ్లాల ఎసిల్‌ఫాస్ఫటేజ్ అనే ప్రొటీన్ ముడుచుకునే తీరును పరిశీలించారు. ముడుచుకోవడం సగంలో ఉండగా మూడే మూడు అమైనో ఆమ్లాలు కుదురుకుంటే మిగతా నిర్మాణమంతా వాటి చుట్టూ ఏర్పడుతుందని కనుగొన్నారు. మరుసటి ఏడాది ప్రొటీన్లను ‘చిన్న ప్రపంచం’ అనే భావనతో కలిపారు. ఇరుగుపొరుగు దట్టంగా ఉంటూనే ఎవరినుంచి ఎవరికైనా కొద్ది అంగల్లో చేరుకోగల వలలు ప్రకృతిలోనూ సమాజంలోనూ ఉన్నాయని 1998లో వాట్స్, స్ట్రోగాట్జ్ చూపారు. ప్రొటీన్లు కూడా ఆ కోవకే చెందుతాయని తేలింది.

ఆ మాటకు అప్పట్లో వచ్చిన ఊపు కొంత అతిగానే ఉంది. ఇంటర్నెట్‌లో ఒక సైట్‌కు లక్షల లింకులు ఉండొచ్చు. ప్రొటీన్ లోపల ఒక అమైనో ఆమ్లం చుట్టూ పట్టేవి కొన్నే, ఎందుకంటే చోటు లేదు. దగ్గరగా కుక్కిన ఏ ముద్దలోనైనా ఇరుగుపొరుగు దట్టంగానే ఉంటుంది. కాబట్టి ‘చిన్న ప్రపంచం’ అన్న ముద్ర ఒక్కటే ప్రొటీన్ గురించి పెద్దగా ఏమీ చెప్పదు.

పనికొచ్చే ఫలితం 2004లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది. అమితాయ్, పీట్రోకోవ్‌స్కీ తదితరులు అనేక ఎంజైముల వలలు గీసి సామీప్యం కొలిచారు. రసాయనిక చర్య జరిగే చోటి అమైనో ఆమ్లాలకు, ఇతర అణువులు అతుక్కునే చోట్లకు, పరిణామంలో మారకుండా నిలిచినవాటికి ఆ విలువ ఎక్కువగా ఉంది. ఆ ప్రొటీన్‌కు బంధువులెవరో తెలియకపోయినా, నిర్మాణం ఒక్కటీ చేతిలో ఉంటే చాలు, ఎక్కడ వెతకాలో అంచనా దొరికింది. 2006లో డెల్ సోల్, రూత్ నుస్సినోవ్ బృందం మరో కోణంలో ప్రయత్నించింది. ఒక్కో బిందువునూ వలలోంచి తీసేసి, మిగతావాటి మధ్య దారులు ఎంత పొడవయ్యాయో చూసింది. దారులను బాగా పొడిగించిన బిందువులు చాలావరకు ప్రొటీన్‌లో సంకేతాలు మోసేవేనని రాసింది.

ఈ లెక్కలు వేయాలంటే ఒకప్పుడు ప్రోగ్రాములు సొంతంగా రాసుకోవలసి వచ్చేది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బ్రతో చక్రవర్తి, నీతా పరేఖ్ 2016లో ‘నాప్స్’ అనే వెబ్ సర్వర్‌ను అందరికీ అందుబాటులో పెట్టారు. డేటా బ్యాంకులోని నిర్మాణం కోడ్ ఇస్తే చాలు. గీత ఎలా గీయాలో ఎంచుకోవచ్చు. కొలతలు, గుంపులు, రెండు బిందువుల మధ్య దగ్గరి దారి తెర మీద త్రిమితీయ బొమ్మతో సహా కనబడతాయి. అంతకుముందే ఈ బృందం గ్రాఫ్ లెక్కలతో మరో చిక్కు తీర్చింది. యాంకిరిన్ అనే ప్రొటీన్ భాగం సుమారు 33 అమైనో ఆమ్లాలకోసారి మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక ఆవృతికీ మరో ఆవృతికీ అక్షరాలు అంతగా కలవకపోవడంతో క్రమాన్ని చూసి వాటిని పట్టుకోవడం కష్టం. నిర్మాణం నుంచి గీసిన వలలో మాత్రం అదే తీరు అల పునరావృతమవుతూ స్పష్టంగా కనబడింది. 2019లో నాప్స్‌ను విస్తరించి, కంప్యూటర్‌లో ప్రొటీన్ కదలికలను అనుకరించిన డేటాకూ, ప్రొటీన్‌తో డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ కలిసిన నిర్మాణాలకూ పనికొచ్చేలా చేశారు. కదలిక ముఖ్యం. ఒక్క నిశ్చల చిత్రంలో కనబడే గీతల్లో కొన్ని ప్రొటీన్ కదులుతుంటే క్షణక్షణం తెగి మళ్లీ కలుస్తుంటాయి.

ఇంతవరకూ ‘ఎవరు కీలకం’ అన్న ప్రశ్నే. దీనికంటే ఊరించేది, కష్టమైనది మరొకటుంది. ప్రొటీన్‌లో ఒక చోట జరిగింది దూరాన ఉన్న మరో చోటికి ఎలా తెలుస్తుంది? హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులున్నాయి. ఒక గొలుసులోని ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకుంటే మిగతావి మరింత సులువుగా పట్టుకుంటాయి. ఇలా దూరం నుంచి నడిచే ప్రభావాన్ని ఆలోస్టెరీ అంటారు. 1965లో మోనో, వైమన్, షాంజూ దీనికి సిద్ధాంతం ఇచ్చారు. వల చేతికి రాగానే పరిశోధకులు ఆ సంకేతం నడిచే దారిని వలలో వెతకడం మొదలుపెట్టారు.

కొన్ని చోట్ల దారి దొరికినట్టే అనిపించింది. కణంలో ప్రొటీన్ తయారీకి సాయపడే మెథియోనిల్ టీఆర్‌ఎన్‌ఏ సింథటేజ్‌లో, టీఆర్‌ఎన్‌ఏను గుర్తించే చోటికీ రసాయనిక చర్య జరిగే చోటికీ దాదాపు 70 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం ఉంది. 2007లో అమిత్ ఘోష్, విశ్వేశ్వర అనుకరణలతో, వలతో ఆ రెండింటి మధ్య సంకేత మార్గాలను చూపారు. 2009లో ఇలినాయ్ బృందం ఇలాంటి మరో ఎంజైములో, వలను సముదాయాలుగా విడగొట్టి, ఒక సముదాయం నుంచి మరోదానికి దాటించే బిందువులను గుర్తించింది.

అసలు వివాదం పీడీజెడ్ అనే చిన్న ప్రొటీన్ భాగం చుట్టూ నడిచింది. 1999లో స్టీవ్ లాక్‌లెస్, రామ రంగనాథన్ నిర్మాణాన్ని పక్కనబెట్టి, పరిణామంలో కలిసికట్టుగా మారిన అమైనో ఆమ్లాలను వెతికారు. పీడీజెడ్ కుటుంబంలో అలాంటివన్నీ కలిసి ప్రొటీన్ గుండా సన్నని దారిలా కనబడ్డాయి. శక్తి ఈ దారిలోనే ప్రసరిస్తుందని వాళ్ల వాదన. 2008లో మరో బృందం రెండేసి మార్పులు ఒకేసారి చేసి కొలిచి చూసింది. ఆ సన్నని దారికి ప్రత్యేకత కనబడలేదని, ప్రభావం చాలావరకు దూరాన్ని బట్టే తగ్గుతోందని రాసింది.

2012లో రంగనాథన్ బృందం ఒకటి రెండు మార్పులతో తేలేది కాదని గ్రహించి, పీడీజెడ్‌లోని 83 స్థానాల్లో ఒక్కోదాన్నీ మిగతా 19 రకాలుగానూ మార్చి చూసింది. అంటే 1,577 మార్పులు. వాళ్లు ‘సెక్టార్’ అని పిలిచిన గుంపులోని స్థానాలు మార్పుకు గట్టిగా స్పందించాయి, మిగతావి చాలావరకు తట్టుకున్నాయి. పదేళ్ల తర్వాత, 2022లో, బార్సిలోనాలో బెన్ లేనర్ బృందం ఇదే పీడీజెడ్ మీద మరింత విస్తృతంగా మార్పులు చేసింది. ప్రొటీన్ ముడుచుకోవడం మీద ప్రభావాన్నీ, ఇతర అణువును పట్టుకోవడం మీద ప్రభావాన్నీ విడదీసి కొలిచింది. దూరం నుంచి ప్రభావం చూపే చోట్లు ప్రొటీన్ అంతటా చాలా ఉన్నాయని, దూరం పెరిగే కొద్దీ ఆ ప్రభావం సన్నగిల్లుతుందని తేలింది.

ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తే రంగం మొత్తం మీద ఒక తీర్పు చెప్పవచ్చు. ఏ అమైనో ఆమ్లం మార్పును భరించదు అన్న ప్రశ్నకు నిర్మాణపు వల బాగానే జవాబిస్తుంది. సంకేతం ఫలానా దారిలో నడిచింది అన్నప్పుడు మాత్రం అనుమానంతో వినాలి. వలలో రెండు చివరల మధ్య దగ్గరి దారి ఎప్పుడూ ఒకటి దొరుకుతుంది. గీసినవాడికి దొరికిన ఆ దారిని ప్రొటీన్ కూడా వాడుకుంటోందని దానివల్ల రుజువు కాదు.

మరో పరిమితిని తెలుగు పాఠకులకు తెలిసిన జబ్బే చూపిస్తుంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ వస్తే సికిల్ సెల్ జబ్బు. ఆదిలాబాద్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ దాకా గిరిజన గూడేలను పట్టి పీడిస్తున్నది ఇదే. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని కేంద్రం 2023లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ప్రపంచంలో ఇంతగా చదివిన ఉత్పరివర్తనాలు చాలా తక్కువ. అయినా ఆ ఆరో స్థానం హిమోగ్లోబిన్ ఉపరితలం మీద, గొలుసు మొదట్లో ఉంది. ఒక్క హిమోగ్లోబిన్ అణువు వలలో అది కూడలి కాదు. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్‌లో ఆ వాలిన్ పక్క అణువు మీది ఓ గుంటలో ఇరుక్కుని, అణువులన్నీ దారాల్లా పేనుకుపోతాయి. జబ్బుకు మూలం రెండు అణువుల మధ్య ఉంది. ఒక్క అణువునే వలగా గీసినవాళ్లకు అది ఎప్పటికీ కనబడదు.

గీత హద్దు కూడా చిన్న విషయం కాదు. 7 ఆంగ్‌స్ట్రామ్‌లకు బదులు 5 పెడితే ఒక వల, 9 పెడితే మరో వల. ఫలితం హద్దుతో పాటు మారిపోతుంటే దాన్ని నమ్మడానికి లేదు. మంచి పరిశోధకులు పలు హద్దులతో లెక్కించి, నిలిచిన దాన్నే రాస్తారు. లోపల ఇరుక్కున్న నీటి అణువులు, లోహ అయాన్లు చాలా వలల్లో అసలు కనబడవు. సామీప్యం ఎక్కువగా ఉన్న అమైనో ఆమ్లం చాలాసార్లు కేవలం ప్రొటీన్ నడిమధ్యన ఉన్నది మాత్రమే. అందుకే ఉపరితలానికి ఎంత బయటపడి ఉందన్న కొలతను పక్కన పెట్టుకోకుండా ఆ అంకెను చదవకూడదు.

2021లో ఆల్ఫాఫోల్డ్ వివరాలు వెలువడటంతో ముడిసరుకు కొరత తీరింది. మరుసటి ఏడాదికే 20 కోట్లకు పైగా ప్రొటీన్ల అంచనా నిర్మాణాలు అందరికీ తెరిచారు. 2024 రసాయన నోబెల్‌లో సగం ఆ పని చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, మిగతా సగం కొత్త ప్రొటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు దక్కింది. ఆల్ఫాఫోల్డ్ ప్రొటీన్‌ను అమైనో ఆమ్లాల జతల గ్రాఫ్‌గానే చూస్తుంది. బేకర్ బృందం 2022లో తెచ్చిన ప్రొటీన్‌ఎంపీఎన్ఎన్ కూడా గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్కే. మనిషి చేత్తో గీసిన వలల్లో ఏ గీతకు ఎంత బరువు అన్నది పరిశోధకుడు నిర్ణయించేవాడు. ఇప్పుడు ఆ బరువులను యంత్రమే వేల నిర్మాణాల నుంచి నేర్చుకుంటోంది. అయితే స్థిరమైన ఆకారమే లేని ప్రొటీన్లు మన కణాల్లో బోలెడున్నాయి. వాటికి ఒక్క వల గీయడంలో అర్థం లేదు. వాటి సంగతి ఈ రంగం ఇంకా సరిగ్గా తలకెత్తుకోలేదు.

ప్రస్తుతం మొగ్గు వల, ప్రయోగం రెండూ కలిసే వైపు ఉంది. కేరాస్ అనే ప్రొటీన్ అనేక క్యాన్సర్లకు మూలం. మందు అతుక్కునే చోటు లేదని దశాబ్దాల పాటు దాన్ని వదిలేశారు. దానిలో ఒక రకం ఉత్పరివర్తనానికి తొలి మందు సోటోరాసిబ్‌కు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2024లో లేనర్ బృందం కేరాస్‌లో 26 వేలకు పైగా మార్పులు చేసి, దూరం నుంచి దాని పనిని ఆపగల చోట్ల పటం గీసింది. ప్రొటీన్ నడుమ పరుచుకున్న బీటా పలక గుండా ప్రభావం బాగా సాగుతున్నట్టు అందులో కనబడింది. నిర్మాణం నుంచి వేసిన వలలను ఇలాంటి కొలతలతో ఒక్కో స్థానం చొప్పున పోల్చి చూడటానికి ఇప్పుడు డేటా ఉంది. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఒక ఎమ్మెస్సీ విద్యార్థి నాప్స్‌లో కేరాస్ వల గీసి, ఆ కొలతల పట్టికను పక్కన పెట్టుకుని ఆ పని మొదలుపెట్టవచ్చు.